నేలవేము ఆకు: కోత, ఆరబెట్టడం, కషాయం కొలతలు, ఎవరు వాడకూడదు

పెరటిమొక్క (రాజమండ్రి):
నేలవేము గురించి కొలతలతో సహా ఒకచోట సమాచారం కావాలండి. వాట్సాప్‌లో తిరిగేవి చూస్తే ఒకరు గుప్పెడు ఆకు అంటారు, ఇంకొకరు పది ఆకులు అంటారు, మరొకరు ఆరు నెలలు రోజూ పరగడుపున తాగమంటారు. పెరట్లో మొక్కలు రెండడుగులు ఎదిగాయి, చిన్న తెల్లపూలు మొదలయ్యాయి. ఎప్పుడు కోయాలి, ఎలా ఆరబెట్టాలి, జ్వరానికి కషాయం ఎంత నీటికి ఎంత ఆకు, ఎన్నాళ్లు తాగొచ్చు? ఇంట్లో షుగరు, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి ఆ సంగతీ చెప్పండి.

అడవిఆకు (శ్రీశైలం రోడ్డు):
కొలతల కంటే ముందు ఆ మొక్క నేలవేమేనా అన్నది తేల్చుకోండి. కాండాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పితే నాలుగు పలకలు తగలాలి. గుండ్రంగా జారిపోతే అది నేలవేము కాదు. ఆకులు ఎదురెదురుగా, జంటలుగా వస్తాయి. ముదురాకుపచ్చ రంగు, రెండు చివరలా సన్నం, నూగు ఉండదు. పువ్వు చిన్నది, తెలుపు మీద ఊదారంగు మచ్చలు, రెండు పెదవులుగా విడిపోయి ఉంటుంది. కాయ రెండు సెంటీమీటర్ల లోపే, నిట్టనిలువుగా, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. ఎండితే చిట్లి గింజలు దూరంగా పడతాయి.

ఈ నాలుగూ కుదిరాక చివరగా చిన్న ఆకుముక్క నమిలి ఉమ్మేయండి. నోరు పుక్కిలించినా చేదు చాలాసేపు వదలదు. చేదు ఒక్కటే చూసి మాత్రం నిర్ధారించొద్దు, చేదు మొక్కలు చాలా ఉన్నాయి. ఇదే కుటుంబంలో ఆకు నిండా నూగున్న మొక్కలూ బీడుల్లో కనిపిస్తాయి, వాటిని కోసి తెచ్చేవాళ్లున్నారు.

పుస్తకాల్లో వెతకాలంటే శాస్త్రీయనామం ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. ఉత్తరాదిన కాలమేఘ్ అంటారు.

పెరటిమొక్క:
నాలుగు పలకలు, నూగు లేదు, పువ్వు మీద ఊదా మచ్చలు. అన్నీ సరిపోయాయి. థాంక్సండి. అయితే పచారీ కొట్టులో అడిగితే నేలవేము పేరుతో గోధుమరంగు పుల్లలు ఇచ్చారు. అవేమిటి?

అడవిఆకు:
చాలావరకు చిరాయత అయివుంటుంది. సంస్కృతంలో కిరాతతిక్త. అది హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క. మన దగ్గర పెరగదు. దాని పుల్ల కిందివైపు గుండ్రంగా ఉంటుంది, విరిస్తే లోపల పసుపుపచ్చని బెండు వెడల్పుగా కనిపిస్తుంది. నేలవేము ఎండినా పలకలు పోవు, ఆకుపచ్చ ఛాయ మిగులుతుంది. రెండూ చేదే, రెండూ జ్వరాలకు వాడేవే, కానీ లోపలి పదార్థాలు వేరు. నేలవేములో ఉండే ముఖ్యమైన చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్, అది చిరాయతలో ఉండదు. ఒకదాని మోతాదు ఇంకోదానికి వర్తింపజేయొద్దు. కామెర్లకు వాడే నేలఉసిరిని కూడా పేరు వినికిడిలో కలిపేస్తుంటారు. దాని సన్నని ఆకుల కింద వరుసగా చిన్న కాయలుంటాయి, చూస్తే పొరబడే అవకాశమే లేదు.

మెట్టసేద్యం (ఆత్మకూరు):
కోత సంగతి నేను రాస్తాను. పూత మొదలైందంటే సరైన వేళ. నాటిన 90 నుంచి 110 రోజుల మధ్య ఈ దశ వస్తుంది. చేదు పదార్థం ఎక్కువగా ఉండేది ఆకులో, అదీ పూతకొచ్చే సమయంలో. కాయలు ముదిరేదాకా ఆగితే కింది ఆకులు రాలిపోయి చేతికి పుల్లలే మిగులుతాయి. పుల్లలో సత్తువ తక్కువ. బజార్లో చవగ్గా దొరికే పొడి నాసిగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే: ఆలస్యంగా కోసి, పుల్లతో సహా ఆడిస్తారు.

పొద్దున మంచు ఆరాక కోయండి. నేలకు జానెడు ఎత్తు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పీకితే మట్టి ఆకులకంటుకుంటుంది, కడిగినా పూర్తిగా పోదు. కోశాక ఒక్కసారి మంచినీళ్లలో జాడించి, నీరు కారిపోయేదాకా జల్లెడలో ఉంచండి.

ఆరబెట్టడం నీడలోనే. నూలుగుడ్డ మీద పలచగా పరచాలి, ఒకదాని మీద ఒకటి పడకూడదు. గాలి ఆడే వరండా అయితే మేలు. రోజుకు రెండుసార్లు తిరగెయ్యండి. గుడ్డ ఎందుకంటే, ఆరేకొద్దీ ఆకులు కాడ నుంచి ఊడిపోతాయి. నేల మీద ఆరబెడితే మంచి భాగమంతా చీపురుతో పోతుంది. ఎండలో వేస్తే ఒకటిన్నర రోజుకే ఎండుతుంది గానీ రంగు గోధుమకు తిరుగుతుంది. నీడలో వాతావరణాన్నిబట్టి నాలుగు నుంచి ఆరు రోజులు. ఆకు నలిపితే గలగలమని పొడి కావాలి, పుల్ల వంచితే టక్కున విరగాలి. పుల్ల వంగిందంటే లోపల తేమ ఉన్నట్టే, అలాగే డబ్బాలో పోస్తే వారంలో బూజు.

పెరటిమొక్క:
వర్షాకాలం ముసురు పట్టి ఉంటే?

మెట్టసేద్యం:
కోత నాలుగు రోజులు వాయిదా వేయడమే నయం. ఈలోగా కోయక తప్పకపోతే చిన్న చిన్న కట్టలు కట్టి, ఫ్యాను కింద తలకిందులుగా వేలాడదీయండి. కట్ట బొటనవేలు లావు మించకూడదు, లావైతే మధ్యలో నల్లబడి వాసనేస్తుంది. ఆ వాసన వచ్చిన కట్టను విప్పి మంచిది ఏరుకునే పని పెట్టుకోవద్దు, మొత్తం పారెయ్యండి.

కషాయకల్పం (ఆయుర్వేదం, హనుమకొండ):
ఇక మోతాదు. గుప్పెడు, చిటికెడు అన్న లెక్కలు పక్కన పెట్టి, 1 గ్రాము చూపించే చిన్న వంటింటి త్రాసు వాడండి. ముతక పొడికి, మెత్తటి పొడికి చెంచాలో పట్టే బరువు ఒకటి కాదు.

పెద్దవాళ్లకు జ్వరంలో: నీడన ఆరిన ఆకు 3 గ్రాములు ముతకగా నలిపి, 240 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి, మూత లేకుండా సన్నని సెగ మీద 60 మిల్లీలీటర్లు మిగిలేదాకా మరిగించాలి. అంటే నాలుగోవంతు. వడకట్టి గోరువెచ్చగా ఒకేసారి తాగాలి. ఇలా పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, రెండుపూటలా కొత్తగా కాచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఔషధ మొక్కల గ్రంథంలోనూ జ్వరానికి 3 గ్రాముల కషాయం రోజుకు రెండుసార్లు అనే ఉంది. జలుబుకు పొడిగా అయితే 1.5 నుంచి 3 గ్రాములు, రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత.

స్టీలు గిన్నె లేదా మట్టి కుండ. ఇనుప మూకుడులో కాస్తే కషాయం నల్లబడుతుంది. కళాయి లేని ఇత్తడి, రాగి వద్దే వద్దు. సెగ పెంచి అయిదు నిమిషాల్లో ముగిస్తే నీరు ఆవిరవుతుందే తప్ప ఆకులోది దిగదు. ఆండ్రోగ్రాఫోలైడ్ నీళ్లలో సులువుగా కరిగేది కాదు, అందుకే నిదానంగా మరగాలి. పిప్పిని మళ్లీ నీళ్లు పోసి కాచడం కూడా మానండి. రెండో కాపులో ఎంత దిగిందో లెక్క తేలదు.

కాచినది మూడు నాలుగు గంటల్లో తాగెయ్యాలి. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజులు వాడటం కషాయం పద్ధతి కాదు.

ఎన్నాళ్లంటే, జ్వరానికి మూడు నుంచి అయిదు రోజులు. వారం మించి సొంతంగా వాడకండి. ఆరు నెలలు రోజూ తాగమనే సలహాకు ఏ ఆధారమూ లేదు, నష్టం జరిగే అవకాశం మాత్రం ఉంది.

పాలమూరు పల్లె:
మా దిక్కు పచ్చాకు నూరి రసం తీసి తాగిస్తరు. ఎండబెట్టుడు, కాచుడు ఎందుకు? పచ్చిదాంట్లనే బలం ఎక్కువ ఉంటది గద?

కషాయకల్పం:
పచ్చిది వాడొచ్చండి, తప్పులేదు. లెక్క మారుతుందంతే. పచ్చాకులో సుమారు నాలుగింట మూడొంతులు నీరే. 12 గ్రాముల పచ్చాకు ఆరితే 3 గ్రాములకు అటూ ఇటూ అవుతుంది. పల్లెల్లో జరిగే పొరపాటు ఎక్కడంటే, పిడికెడు పచ్చాకు నూరి పిండి గ్లాసుడు రసం ఒకేసారి తాగిస్తారు. అది వాంతిగా బయటికొస్తుంది, కడుపులో మంట, విరేచనాలు పట్టుకుంటాయి. జ్వరంతో ఉన్న మనిషికి నీరు తగ్గిపోవడం పెద్ద ప్రమాదం. చేదు పెరిగినకొద్దీ గుణం పెరుగుతుందన్న నమ్మకమే దీనికి మూలం.

ఇంకో సంగతి. పచ్చాకు కడగడం సరిగ్గా జరగదు. పొలంగట్టు మీది మొక్కయితే పురుగుమందు పడే వీలుంది. కాచినదానిలో కనీసం సూక్ష్మక్రిములైనా చస్తాయి, పురుగుమందు మాత్రం కాచినా పోదు.

వంటింటిడబ్బా (విజయవాడ):
చేదు తగ్గించడానికి బెల్లం, తేనె వేయొచ్చా? పరగడుపునా, తిన్నాకా?

కషాయకల్పం:
తాటిబెల్లం కొద్దిగా వేయడం మామూలే, మందు గుణం చెడదు. షుగరున్నవాళ్లు వేసుకోకూడదు. తేనె అయితే గోరువెచ్చగా దిగాకే కలపండి. నిజానికి ఆ చేదు నోట్లో పోదు, ఒక్క గుక్కలో తాగి తర్వాత ఉసిరికాయ ముక్క నమిలితే తేలికవుతుంది.

పరగడుపు విషయంలో రెండు వేర్వేరు అవసరాలున్నాయి. జ్వరం తగ్గాక అన్నం సహించనివాళ్లకు ఆకలి పుట్టడానికైతే 1 గ్రాము ఆకు అరగ్లాసు నీళ్లలో కాచి, భోజనానికి అరగంట ముందు, రెండు మూడు రోజులు ఇస్తారు. అక్కడ ఖాళీ కడుపే సరైనది. జ్వరానికీ జలుబుకీ పూర్తి మోతాదు తీసుకునేటప్పుడు ఏదైనా తిన్నాకే మంచిది. అల్సరు, ఎసిడిటీ ఉన్నవాళ్లకు పరగడుపున పడితే వికారం ఖాయం.

శొంఠి 1 గ్రాము, నాలుగు మిరియాలు దంచి కలపడం మన ఇళ్లలో ఉన్న పద్ధతే. వికారం తగ్గించేది శొంఠి.

మందులచీటీ (ఫార్మసిస్టు, గుంటూరు):
పెరటిమొక్క గారు అడిగిన షుగరు, బీపీ ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే, దయచేసి దాటెయ్యకండి.

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, పాలిచ్చే తల్లులు అసలు వాడకూడదు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో సంతానోత్పత్తి మీద ప్రభావం కనిపించింది. ఇందులో మినహాయింపు లేదు.

షుగరు మాత్రలు, ముఖ్యంగా గ్లిమిపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్లలో చక్కెర మరీ పడిపోవచ్చు. జ్వరంలో తిండి సగమే తింటారు, మాత్ర మాత్రం మామూలుగానే వేసుకుంటారు, పైగా నేలవేము. ఈ మూడూ కలిసినప్పుడే చెమటలు, వణుకు, మైకం వస్తాయి. బీపీ మాత్రలతో కలిస్తే రక్తపోటు మరీ తగ్గి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు రక్తస్రావం భయం. కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధకతను అణిచే మందులు వాడేవాళ్లు దగ్గరికే రానీయకూడదు, ఎందుకంటే ఇది ఆ శక్తిని ప్రేరేపించే వైపు పనిచేస్తుంది. పైన చెప్పిన మిరియాలు కూడా కొన్ని మందులను రక్తంలోకి ఎక్కువగా చేరనిస్తాయి, అది గుర్తుంచుకోండి.

అలర్జీ: దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం. అరుదే, కానీ తీవ్రంగా రావచ్చు. ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మొక్క ఉన్న ఉత్పత్తుల మీద తీవ్రమైన అలర్జీ గురించీ, రుచి తెలియకపోవడం గురించీ హెచ్చరికలు ఇచ్చింది. మొదటిసారి తాగేవాళ్లు నాలుగోవంతుతో మొదలుపెట్టి, ఇంట్లో ఇంకో మనిషి ఉన్నప్పుడే తాగండి. గొంతు బిగుసుకున్నట్టనిపిస్తే 108కి ఫోను చెయ్యండి, మజ్జిగ తాగితే తగ్గుతుందేమో అని చూడకండి.

పెరటిమొక్క:
ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలండి. అయితే మా పెద్దవాళ్లకు ఇవ్వను.

మందులచీటీ:
వాళ్లను చూసే డాక్టరును అడిగి, ఒప్పుకుంటేనే. అడిగేటప్పుడు "ఏదో ఆకుకషాయం" అనకుండా నేలవేము, ఇన్ని గ్రాములు, ఇన్నిరోజులు అని చెప్పండి.

తొండైమండలం (చెన్నై తెలుగువాడు):
తమిళనాట డెంగీ కాలంలో ప్రభుత్వమే పంచే నిలవేంబు కుడినీర్ ఈ ఆకుదే, కానీ ఒక్క ఆకు కాదు. సిద్ధవైద్యంలో అది తొమ్మిది వస్తువుల కషాయ చూర్ణం: నేలవేము, వట్టివేరు, కురువేరు, చందనం, అడవిపొట్ల, తుంగముస్తలు, శొంఠి, మిరియాలు, పర్పాటకం. అన్నీ సమపాళ్లలో. 5 గ్రాముల చూర్ణం 200 మిల్లీలీటర్ల నీళ్లలో 50కి మరిగించి తాగుతారు. అంటే ఒక మోతాదులో నేలవేము అరగ్రాము పైచిలుకు మాత్రమే. "తమిళనాడులో అందరూ తాగుతున్నారు కదా" అని ఇక్కడ ఒట్టి నేలవేమునే 5 గ్రాములు వేసి కాచేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

మందులచీటీ:
మంచి విషయం చెప్పారు. దీనికి తోడు ఒక మాట. కషాయం తాగుతున్నాం కదా అని రక్తపరీక్ష వాయిదా వేయకండి. డెంగీకి ఎన్ఎస్1 పరీక్ష మొదటి అయిదు రోజుల్లోనే బాగా పనికొస్తుంది. మలేరియా అయితే పరీక్ష చేసి దానికి తగ్గ మందే వాడాలి, నేలవేముతో పోదు. డెంగీ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ మాత్రమే. జ్వరం తగ్గిన రోజునే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం వస్తే అది కోలుకోవడం కాదు, వెంటనే ఆసుపత్రికి.

పాలమూరు పల్లె:
పాము కరిస్తే నేలవేము రసం తాగిస్తరని పెద్దోళ్లు చెప్తరు. అది నిజమేనా?

అడవిఆకు:
చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, పాత పుస్తకాల్లోనూ ఉంది. చేయొద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే పనిచేస్తుంది. రసం నూరే పావుగంట ప్రయాణంలో గడవాల్సిన పావుగంట. మింగలేని స్థితిలో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కదపకుండా పడుకోబెట్టి, బిగించి కట్లు కట్టకుండా, గాట్లు పెట్టకుండా తీసుకెళ్లండి.

వంటింటిడబ్బా:
పిల్లలకు నులిపురుగులకు ఇస్తారు కదా? బెంగాల్లో పసిపిల్లలకు కూడా ఏదో ఇస్తారని విన్నాను.

కషాయకల్పం:
బెంగాల్లో అలుయి అంటారు. ఈ ఆకురసంలో ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క నూరి కలిపి చిన్న మాత్రలు చేసి కడుపునొప్పికి, ఆకలి లేకపోవడానికి ఇచ్చే అలవాటు. ఆచారంగా ఉన్నదే, కానీ పసివాళ్లకు ఎంత సురక్షితమో కొలిచి చెప్పే లెక్కలు లేవు. నులిపురుగులకు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో, అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ ఉచితంగా ఇస్తారు. రెండేళ్లు దాటితే 400 మిల్లీగ్రాములు, ఏడాది నుంచి రెండేళ్ల లోపు అయితే అందులో సగం. ఒక్క మాత్రతో తీరే పనికి పిల్లలకు చేదు తాగించి ఏడిపించనక్కర్లేదు.

వంటింటిడబ్బా:
సరేనండి. ఒంటిమీద దురదలకు?

కషాయకల్పం:
పైపూతకు పనికొస్తుంది. పచ్చాకు, చిటికెడు పసుపు మెత్తగా నూరి, ముందు ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత రాసి ఒక రోజు చూడండి. ఎర్రబడకపోతే దురద ఉన్నచోట పావుగంట ఉంచి కడిగెయ్యండి. పుండ్లమీద, చిట్లిన చర్మం మీద వద్దు. గుండ్రంగా అంచు కట్టి పెరిగేది తామర, దానికి ఇది చాలదు, డాక్టరు మందు వాడాలి. స్నానానికైతే గుప్పెడు ఎండాకు రెండు లీటర్లలో కాచి వడకట్టి బకెట్టు నీళ్లలో కలపొచ్చు. ఇక్కడ మాత్రం గుప్పెడు లెక్క చాలు, లోపలికి తాగేది కాదు కాబట్టి.

మెట్టసేద్యం:
నిల్వ గురించి మిగిలింది. పొడి చేసి దాచకండి. ఆకుగానే, గాలి చొరబడని గాజుసీసాలో, వెలుతురు తగలని అరలో ఉంచి, కావలసినప్పుడు నలుపుకోండి. సీసా మీద కోసిన తేదీ రాయండి. ఏడాది దాటితే వాడకండి, నిల్వలో గుణం క్రమంగా తగ్గిపోతుంది. వర్షాకాలంలో నెలకోసారి మూత తీసి వాసన చూడండి. ఎండుగడ్డి వాసన ఉంటే బాగున్నట్టు, ముక్కవాసన ఉంటే పోయినట్టు.

పాతకాలపు పద్ధతి ఇంకొకటుంది. పచ్చాకు మిరియాలతో నూరి శనగగింజంత ఉండలు కట్టి నీడన ఆరబెట్టడం. శనగగింజను మించితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి బూజు పడుతుంది. ఒక ఉండ కోసి చూడండి, మధ్యలో రంగు ముదురుగా తడిగా కనిపిస్తే ఇంకా ఆరనట్టే. పైగా ఏ ఉండలో ఎంత ఆకు ఉందో తెలియదు, అందుకే కషాయమే మేలంటాను.

అడవిఆకు:
కొనేవాళ్లు ప్యాకెట్టు మీద శాస్త్రీయనామం, ఏ భాగమో (ఆకా, మొత్తం మొక్కా), బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఆయుష్ లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఒట్టి "నేలవేము పొడి" అని రాసి ఉంటే వదిలెయ్యండి. పొడి మెరిసే పచ్చగా ఉంటే రంగు కలిసిందేమో అనుమానించాలి. నిజమైనది మాసిన ఆకుపచ్చ.

పెరటిమొక్క:
చివరిగా, విత్తనం ఎలా దాచాలి? కుండీలో పెట్టాలనుకునేవాళ్లు అడుగుతున్నారు.

మెట్టసేద్యం:
రెండు మొక్కలు కోయకుండా వదలండి. కాయ పసుపు నుంచి గోధుమకు తిరిగేటప్పుడు, చిట్లకముందే, పొద్దున్నే కోసి కాగితపు సంచిలో వేసి మూతి మడవండి. సంచిలోనే పగులుతాయి. కొత్త గింజ సరిగ్గా మొలవదు, పైపెంకు గట్టిది, నిద్రావస్థ ఉంటుంది. అయిదారు నెలలు ఆగి మే, జూన్‌లో పొయ్యండి. రాత్రంతా నానబెట్టి, గింజ సన్నం కాబట్టి ఇసుకతో కలిపి చల్లి, పైన మట్టి పలచగా దులిపితే చాలు. లోతుగా పడితే మొలవదు. మొలకలు వచ్చేదాకా గడ్డి కప్పి రోజ్‌క్యానుతో తడపండి. పొలంలో అయితే మొక్కకు మొక్కకు 15, వరుసకు వరుసకు 30 సెంటీమీటర్లు. కుండీకి పన్నెండంగుళాలది, అందులో రెండు మొక్కలు మించొద్దు. నీడ ఎక్కువైతే కాడలు సాగి ఆకు పలచబడుతుంది. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. సాగుకు పేరున్న రకం కావాలంటే సీమాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) విడుదల చేసిన సిమ్-మేఘ ఉంది. వాళ్ల పరిశోధన కేంద్రం హైదరాబాదు బోడుప్పల్‌లోనే ఉంది, విత్తనం గురించి నేరుగా అక్కడే అడగండి.